లెక్క చూడని పొగబండి

డెంగీ కేసు ఒకటి పేపర్లో పడితే చాలు, సాయంత్రానికి మా వీధిలోకి పొగబండి దిగుతుంది. వెనకాల పిల్లల గోల, ముందు ఫోన్ పట్టుకుని వార్డు నాయకుడు. ఫొటో బ్రహ్మాండంగా వస్తుంది, కాదనను. డెంగీ దోమది మాత్రం పగటి వేట, ఇంట్లో కాపురం. మంచం కిందో, కొక్కేనికి వేలాడే బట్టల చాటునో కూర్చునేదానికి రోడ్డు మీద పొగ ఏం చేస్తుంది? ఆ పొగకి చచ్చేది ఎగిరే దోమే. డ్రమ్ములో ఈదే పురుగులకి చీమ కుట్టినట్టయినా ఉండదు. వారం తిరిగేసరికి కొత్త దండు తయారు.

మా రోజుల్లో ఇలా కాదు. మలేరియా డిపార్టుమెంటులో చేరగానే మాకు ముందు నేర్పింది మందు కొట్టడం కాదు, వేలికి సూది గుచ్చడం. పదిహేను రోజులకోసారి ప్రతి గడపా తొక్కాలి. జ్వరం ఉందా, మొన్నామధ్య వచ్చి పోయిందా అని అడగాలి. ఉందంటే స్లైడు మీద నెత్తురు చుక్క, చేతిలో క్లోరోక్విన్ బిళ్ళలు, గోడ మీద అచ్చుగళ్ళలో తేదీ, సంతకం. వెళ్ళకుండానే సంతకం పెడితే, వెనకొచ్చే ఇన్‌స్పెక్టరు నేరుగా ఇంటావిణ్ణే అడిగేవాడు. ఏడాదికి నూటికి పదిమంది నెత్తురైనా చూడాలి. వెయ్యి జనాభాకి ఏడాదిలో రెండు కేసులు, ఆపైన తేలిన చోటే ఇళ్ళకి పిచికారీ. ఇది 1977 నుంచి వచ్చిన రూలు. సర్పంచి కబురు పెట్టినా "మీ ఊరి లెక్క ఇంకా రెండుకి రాలేదండీ" అనేవాళ్ళం.

ఆ రూలు ఊరికే పుట్టలేదు. 1958లో మలేరియా నిర్మూలన అని బయల్దేరి, 1965 నాటికి దేశంలో కేసుల్ని సుమారు లక్షకి దించారు. ఇక గెలిచామనుకున్నారు. నిఘా సడలింది, ల్యాబుల్లో చూడని స్లైడులు గుట్టలు పడ్డాయి, డీడీటీకి దోమలు మొండికెత్తాయి. 1976లో 64 లక్షల కేసులు! దేశానికి ఒళ్ళు కాలాక గానీ తెలియలేదు.

ఇప్పుడు సదుపాయాలకేం తక్కువ? ఏజెన్సీలో ఆశా కార్యకర్త చేతిలోనే మలేరియా పరీక్ష కిట్టు, పావుగంటలో ఫలితం. స్లైడుకి జె.ఎస్.బి. రంగు వేసి, ఆరబెట్టి, మైక్రోస్కోపులో కళ్ళు పోగొట్టుకున్న మాకు అసూయే. అంకెలు ట్యాబులోకి క్షణంలో ఎక్కుతాయి. ఎక్కాక వాటి మొహం చూసేవాడేడీ?

మా నాయకుడితో అదే అన్నాను. "పొగ కొట్టకపోతే జనం ఊరుకోరు బాబాయ్" అన్నాడు. "కొట్టు నాయనా. కొట్టేముందు వంద ఇళ్ళు తిరిగి, ఎన్నింట్లో పురుగుందో రాసుకో. ఆ నీళ్ళు ఒంపించి, మళ్ళీ అవే ఇళ్ళు చూడు" అన్నాను. మలేరియాలో దోమ దోషం బయటపడింది మన సికింద్రాబాదులోనే కదా, 1897లో రాస్ దొర ఓపిగ్గా దోమ పొట్ట కోసి చూడబట్టి! "అంత ఓపిక ఎవరికుంది బాబాయ్" అని బండెక్కేశాడు.

మాకుంది. నాలాంటి పెన్షనర్లని పోగేసి, శుక్రవారం పూట టార్చిలైట్లు, నోటు పుస్తకం పట్టుకుని వీధి చివరి నుంచి మొదలుపెట్టాం. మొదటి గుమ్మంలోనే ఒకావిడ తలుపు సగం తెరిచి, "ఏం అమ్ముతున్నారు?" అంది.