మైత్రీవనంలో పులులు

భిలాయిలో ఎవరి పిల్లకో పైఊళ్లో రెండు నెలల పని దొరికిందని తెలిస్తే, కన్నవాళ్లకంటే ముందు నిద్ర మానేసే పెద్దమనిషి ఒకాయన ఉంటాడు. వీధికొకరు చొప్పున ఉంటారు, తగ్గరు. మా వైశాలి నగర్ వీధికి దక్కినాయన్ని అందరం మ్యాపు మావయ్యగారంటాం. ఆయన లేనప్పుడు.

మావయ్యగారు స్టీల్ ప్లాంటులో రిటైరై పుష్కరం దాటింది గానీ, ఒంట్లోంచి షిఫ్టు ఇంకా దిగలేదు. తెల్లారగట్లే లేచి చెప్పులేసుకుని, ఎక్కడికి వెళ్లాలో గుర్తురాక గుమ్మంలో కాసేపు నిలబడిపోతారని అత్తయ్యగారు చెబుతుంటారు. సాయంత్రం మేం కూలర్లో నీళ్లు పోసే వేళకి మా గేటు దగ్గరికొస్తారు. గేటు తియ్యరు. దాని మీద రెండు మోచేతులూ ఆనించి, "ఉన్నావేటి బాబూ?" అంటారు. నేను బకెట్టుతో ఎదురుగా కనబడుతూనే ఉంటాను. అయినా "ఉన్నానండీ" అనాలి. అన్నాక ఇక లోపలికి రావడం ఆయన హక్కు.

మా అమ్మాయి ఇంజనీరింగు మూడో ఏడు. హైదరాబాదులో ఎనిమిది వారాల ఇంటర్న్‌షిప్ వచ్చింది. ఆఫీసు నానక్‌రామ్‌గూడ వైపు, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్. ఈ సంగతి పొద్దున్న మా ఆవిడకి ఒక్కర్తికే చెప్పాను. సాయంత్రానికి గేటు కిర్రుమంది.

"గుంటకి ఎక్కడ సూస్తన్నావు?"

"ఇంకా ఏమీ అనుకోలేదండీ."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఏమీ అనుకోని తండ్రి అంటే మావయ్యగారికి జనరల్ బోగీలో ఖాళీ సీటు కనబడ్డట్టే. వెంటనే తువ్వాలు వేసేశారు.

హైదరాబాదు ఆయనకి కొట్టినపిండి. 1991లో బావమరిది పెళ్లికి చిక్కడపల్లి వెళ్లి మూడు రోజులున్నారు. అందులో ఒక రోజు కల్యాణమండపం దాటి బయటికి రాలేదు. మిగిలిన రెండు రోజుల్లో ఊరంతా చూసేశారు. సాక్ష్యంగా ఒక మాట చెబుతారు. అప్పటికి హుస్సేన్ సాగర్ బుద్ధుడు ఇంకా నీళ్ల అడుగునే ఉన్నాడట. అది నిజమే. 1990 మార్చిలో విగ్రహం తీసుకెళ్తున్న బార్జి ఒరిగి బుద్ధుడు మునిగిపోయాడు. మళ్లీ బయటికి తీసి రాతి మీద నిలబెట్టేసరికి 1992 డిసెంబరయింది. మావయ్యగారి హైదరాబాదు కూడా అప్పుడే అక్కడే మునిగింది. విగ్రహాన్ని తీసినవాళ్లు దీన్ని మాత్రం వదిలేశారు.

"నానక్‌రామ్‌గూడా? అక్కడేటున్నాది? బండలు. బండల మీద బండలు. మాదాపూరూ అంతే. గుంటని ఆ బండల్లో ఒగ్గేస్తావా?"

మాదాపూరులో 1998లోనే సైబర్ టవర్స్ లేచిందనీ, ఆ తర్వాత ఆ బండల్లో చాలావాటిని పిండి చేసి మేడలు కట్టేశారనీ మా అమ్మాయి చెప్పబోయింది. ఆయన చెయ్యెత్తారు. చెయ్యెత్తితే కొలిమి దగ్గర లోహం పోసేవాళ్లు కూడా ఆగేవారట. మా అమ్మాయి ఆగింది.

తర్వాత మ్యాపు వేశారు. ఆయనకా పేరు వచ్చింది ఊరికే కాదు. ఎదుటివాళ్లు ఏ ఊరి పేరెత్తినా, ముందున్న తినుబండారాలతో ఆ ఊరు కట్టేస్తారు. ఆ రోజు మా టీపాయ్ మీద టీ కప్పు హుస్సేన్ సాగర్ అయింది. బిస్కట్టు సికింద్రాబాద్ స్టేషను. కళ్లజోడు డబ్బా చార్మినారు. చిక్కడపల్లికి జంతికల ముక్క పెట్టి, దాని మీద వేలు ఆనించి ఒక నిమిషం మౌనం పాటించారు, పెళ్లి భోజనం గుర్తొచ్చినట్టుంది. కప్పుకి పడమరగా ఒక జీడిపప్పు పెట్టి "ఇది అమీర్‌పేట" అన్నారు.

"నా ఆఫీసు ఎక్కడొస్తుంది తాతయ్యా?" అంది మా అమ్మాయి, ఫోనులో దూరాలు చూస్తూ. బిస్కట్టుకీ కప్పుకీ మధ్య ఎడాన్ని బట్టి లెక్క కడితే ఆ పిల్ల ఆఫీసు టీపాయ్ అంచు దాటి, నేల మీద చెప్పుల స్టాండు పక్కన పడింది. అక్కడ నిజంగానే మా ఆవిడ రుబ్బురోలు రాయి ఉంది.

మావయ్యగారు తొంగిచూసి, "సెప్పేను గదా, బండలని" అన్నారు.

పిల్ల పట్టు వదల్లేదు. పక్కింటి ఛత్తీస్‌గఢీ వాళ్లు పెళ్లికి పంచిన ఠేఠరీ ఇంకా డబ్బాలో ఉంది. శనగపిండి తాళ్లలా ఉంటుంది, పళ్లకి పరీక్ష. రెండు తీసి అమీర్‌పేట జీడిపప్పు మీద అడ్డంగా పేర్చింది. ఒకటి మియాపూర్ నుంచి ఎల్‌బీనగర్ మెట్రో, రెండోది నాగోలు నుంచి రాయదుర్గం. 2019 నుంచి ఈ రెండోది రాయదుర్గం దాకా వెళ్తోంది, అక్కడ దిగి ఇంకో బండి ఎక్కాలి అని చెప్పింది. మావయ్యగారు ఆ ఠేఠరీ వైపు అనుమానంగా చూశారు. "ఇవి అప్పుడు లేవు" అని తీసి పక్కన పెట్టి, మాటల్లో మాటగా సికింద్రాబాద్ స్టేషన్ని టీలో ముంచుకుని తినేశారు.

ఇల్లు చూడ్డానికి ఆయనకి మూడు సూత్రాలున్నాయి. మొదటిది, స్టేషనుకి నడిచిపోయేంత దగ్గరుండాలి. ఎందుకని అడిగితే, "ఏటైనా అయితే బండెక్కి ఎలిపొచ్చేయొచ్చు" అంటారు. ఆఫీసుకి ఆ స్టేషను 20 కిలోమీటర్ల పైచిలుకు. అంటే రాని ఆపద కోసం రోజూ రెండు గంటలు ట్రాఫిక్‌లో కూర్చోవాలన్నమాట. రెండోది, "అక్కడ సెక్టార్ 9 ఏది?" ఇది బయటివాళ్లకి అర్థం కాదు. భిలాయిలో సెక్టార్ 9 అంటే ఆస్పత్రి. ప్రపంచంలో ప్రతి ఊళ్లోనూ ఒక సెక్టార్ 9 ఉంటుందనీ, పేరు మార్చుకుని తిరుగుతుంటుందనీ ఆయన నమ్మకం. మూడోది, మనవాళ్లెవరైనా ఉండాలి. వనస్థలిపురంలో ఆయన తోడల్లుడున్నాడు. ఆఫీసుకి అది 30 కిలోమీటర్ల పైమాట అన్నాను. "ఒకే ఊరే కదా బాబూ" అన్నారు, నొచ్చుకుని.

ఆయన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. మాది అలాంటి ఊరు. 1955లో స్టీల్ ప్లాంటు కోసం రష్యాతో ఒప్పందమయింది, 1959లో రాజేంద్రప్రసాద్ గారొచ్చి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభించారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి మన పెద్దలు ట్రంకుపెట్టెలతో బళ్లెక్కి వచ్చారు. ఇక్కడ ఊరు ముందు కాగితం మీద పుట్టింది, మనుషులు తర్వాత వచ్చారు. సెక్టారు నంబరు చెబితే స్కూలు, బజారు, గుడి ఎంత దూరమో చెప్పక్కర్లేకుండా తెలిసిపోయేది. గ్రేడును బట్టి క్వార్టరు, సీనియారిటీని బట్టి వంతు. ఏ పేటలో ఉండాలన్న ప్రశ్న ఒక మనిషిని ముప్పై అయిదేళ్లు ఎవరూ అడగలేదు. అలాట్‌మెంట్ కాగితం వచ్చేది, మంచాలు రిక్షాకెత్తేవారు, అంతే. అలాంటాయన్ని అరవయ్యో ఏట పిలిచి, క్వార్టరు ఖాళీ చెయ్యండి, ఇక మీకు నచ్చిన చోట ఉండండి అన్నారు.

నచ్చడమంటే ఏమిటో తెలీక మావయ్యగారు రెండేళ్లు స్కూటరేసుకుని తిరిగారు. నెహ్రూ నగర్ ఖరీదు. రిసాలీ దూరం. స్మృతి నగర్‌లో ఆ రోజు గాలి లేదు. వైశాలి నగర్ అయితే పట్టాల అవతల! మాకు 2008లో ఎమ్మెల్యే సీటు కూడా వచ్చింది గానీ, సెక్టార్లలో బతికినవాళ్లకి ఇది ఇప్పటికీ ఫాటక్ అవతలే. ప్రతి ఇంటికీ మంచి చెడ్డలు రాసి ఒక ఫైలు పెట్టారు. ఆ ఫైలు ఇంకా ఉంది, నేను చూశాను, నలభై రెండు పేజీలు. చివరికొక రోజు అత్తయ్యగారు సుపేలా బజారుకని బయల్దేరి, అటునుంచటే వైశాలి నగర్ వచ్చి, ఒక ఇంట్లో కుళాయి తిప్పి చూసి, పక్కింటావిడని నీళ్లెన్నింటికి వస్తాయో అడిగి, చీర కొంగున ఉన్న అయిదొందల ఒక రూపాయి బయానా ఇచ్చి ఇంటికెళ్లి వంట చేశారు. "బాగా ఆలోచించి తీసుకున్నాం" అంటారు మావయ్యగారు ఇప్పుడు.

మర్నాడు ఆయన కళకళలాడుతూ వచ్చారు. రాత్రంతా వాకబు చేశారట. కూకట్‌పల్లిలో హౌసింగ్ బోర్డు కాలనీ ఒకటుందని, దానికి ఫేజులున్నాయని, రోడ్లకి నంబర్లున్నాయని ఎవరో చెప్పారు. ఇక ఆగుతారా? "నంబర్లున్నాయి బాబూ! ఫేజంటే మన సెక్టారే. బస్, ఖతం."

ఖతం కాలేదు. అక్కణ్ణుంచి మెట్రోలో రాయదుర్గం వెళ్లాలంటే అమీర్‌పేట దాకా లోపలికొచ్చి, బండి మారి, మళ్లీ బయటికి పోవాలి. ముక్కేదంటే చెయ్యి తల చుట్టూ తిప్పి చూపించినట్టు. రోడ్డున పోతే దగ్గరే గానీ, ఆ రోడ్డు మీద సాయంత్రం ఆరింటికి కదలడమన్నది ఎవరికివాళ్లు చేసుకున్న పుణ్యం. నంబర్ల ఆనందం ముందు ఇవేవీ ఆయనకి ఆనలేదు. అదీ కుదరదన్నాక ఆఖరి అస్త్రం తీశారు. అమీర్‌పేట.

అమీర్‌పేట ఆయనకెందుకు నచ్చిందో చెప్పాలి. ఎవరిదో శుభలేఖ మీద "మైత్రీవనం ఎదురుగా" అని చిరునామా చదివారు. మనకి మైత్రీ బాగ్ ఉంది, రష్యా స్నేహానికి గుర్తుగా కట్టిన జంతుప్రదర్శనశాల, తెల్లపులులకి పేరు. బాగ్ అన్నా వనమన్నా ఒకటే కదా. "పక్కనే పార్కు. గుంట సాయంత్రం పులుల్ని సూసుకుని రావచ్చు, మన ఊరున్నట్టే ఉంటాది." మైత్రీవనం అంటే కంప్యూటరు కోర్సుల బోర్డుల కింద గోడ కనబడని ఓ పాత కాంప్లెక్సనీ, అక్కడ తిరిగేది ఉద్యోగం రాని పిల్లలేననీ నేను చెప్పాను. ఆయన నన్ను జాలిగా చూశారు. నేను 1991లో హైదరాబాదు చూసినవాణ్ణి కాదు మరి.

మూడో రోజు ఆయన వెనకే అత్తయ్యగారొచ్చారు, ఆవకాయ సీసాతో. వచ్చి మా అమ్మాయి పక్కన కూర్చుని నాలుగు ముక్కలడిగారు. ఆఫీసు ఎన్నింటికి వదుల్తారు? అక్కణ్ణుంచి హాస్టలుకి దారిలో దీపాలుంటాయా? రాత్రి ఆలస్యమైతే అన్నం పెట్టి ఉంచుతారా? ఎండాకాలం కదా, నీళ్లు ట్యాంకరా, బోరా?

"రెండు నెల్లకి ఊరంతా ఎందుకే ఎతకడం? ఆపీసు దగ్గర ఒక మంచం ఎతుక్కో, సాలు" అన్నారు.

దాంతో తేలిపోయింది. ఫ్లాటంటే పదకొండు నెలల అగ్రిమెంటు, రెండు నెలల అడ్వాన్సు, వెళ్లేటప్పుడు రంగుల ఖర్చు. ఎనిమిది వారాల పిల్లకి అదంతా ఎందుకు? గచ్చిబౌలి ఇందిరా నగర్‌లో వీధి వీధంతా హాస్టళ్లే. ఆఫీసుకి నాలుగైదు కిలోమీటర్లు, షేర్ ఆటోలు తిరుగుతాయి, దగ్గర్లో డీఎల్‌ఎఫ్ ఆఫీసుల ఎదురుగా రాత్రి పొద్దుపోయేదాకా టిఫిను బళ్లు. అక్కడే ఉంటున్న సీనియర్ పిల్ల ఒకామె వెళ్లి, కుళాయి తిప్పి, వీడియో తీసి పంపింది. త్రీ షేరింగులో కిటికీ పక్క మంచం. అత్తయ్యగారు వీడియోలో నీళ్ల ధార చూసి తల ఊపారు. మావయ్యగారు హాస్టలు పేరు కింద ఉన్న ప్లాటు నంబరు చూసి, "ఊఁ, నంబరుంది" అన్నారు.

మే నెలాఖరు, నౌతపా ఎండల్లో, రోడ్డు మీద తారు చెప్పుకి అంటుకుంటున్న మధ్యాహ్నం పిల్ల దుర్గ్‌లో సికింద్రాబాద్ బండెక్కింది. వారం తిరిగేసరికి వీధి చివర బెంచీ మీద మావయ్యగారు నలుగురికీ చెబుతున్నారు, ఇందిరా నగర్ తానే ఎంచానని. ఆఫీసు బండల మధ్య ఉన్నా హాస్టలు చదునుగా ఉండే చోటు చూశారట.

జూన్‌లో ఒక ఆదివారం పిల్ల అమీర్‌పేట వెళ్లింది, బట్టలు కొనుక్కోడానికి. వెళ్లి ఆయన కోసమే మైత్రీవనం ముందు నిలబడి ఫొటో తీసి పంపింది. సాయంత్రం గేటు దగ్గర నా ఫోనిచ్చాను. "ఇదిగోనండీ మీ వనం. చెట్టు లేదు, పులి లేదు, అన్నీ కోచింగ్ బోర్డులే."

మావయ్యగారు కళ్లజోడు పెట్టుకున్నారు. రెండు వేళ్లతో ఫొటోని సాగదీశారు. ఇంకా సాగదీశారు. ఒక బోర్డు దగ్గర ఆగి, మోచేతులు గేటు మీద సర్దుకుని, ఫోను నా ముక్కు దగ్గర పెట్టారు.

"పైథానని ఎంత పెద్ద అచ్చరాలతో రాసేరో సూడు. కొండచిలవని ఎట్టినోలు పులిని ఎట్టరేటి బాబూ?"