రెక్కలొచ్చే వేళ

జార్జియాలోని కమ్మింగ్‌లో మనవాళ్లు ఇంతమంది ఉన్నా, ఊరి పక్కన పారే చాటహూచీ నదిలో నడుములోతు దిగి గాలం వేసే తెలుగు కుర్రాణ్ణి నేను ఒక్కణ్ణే చూశాను. ఖమ్మం నుంచి వచ్చిన నా స్నేహితుడి కొడుకు. వాడికి ఆ విద్య నేర్పింది పక్కింటి అమెరికన్ పెద్దాయన.

వాళ్లు పట్టేది ట్రౌట్‌ని. అది చల్లని నీళ్ల చేప. జార్జియా ఎండలకి మామూలు ఏరు వేడెక్కితే అది బతకదు. ఇక్కడ బతుకుతోందంటే అది బ్యూఫర్డ్ డ్యామ్ చలవే. 1950ల్లో అమెరికా ఆర్మీ ఇంజనీర్లు ఆ డ్యామ్ కట్టాక దాని వెనక లేక్ లేనియర్ నిలిచింది. ఆ సరస్సు లోతుల్లోని నీళ్లే దిగువకి వస్తాయి. నడి వేసవిలో కూడా అందులో కాలు పెడితే జివ్వుమంటుంది. నీళ్లు వదిలే ముందు సైరన్ మోగుతుంది. అది వినపడిందంటే గాలానికి ఎంత పెద్ద చేప పడినా సరే, గట్టెక్కేయాల్సిందే. డ్యామ్ నుంచి హైవే 20 వంతెన దాకా లైఫ్ జాకెట్ లేకుండా నదిలో దిగకూడదు. వంతెనకి దిగువన, మెడ్‌లాక్ బ్రిడ్జి దాకా వానపాములూ గీనపాములూ పనికిరావు. చేసిన ఎర మాత్రమే వాడాలి.

అందుకే పెద్దాయన గరాజ్‌లో ఒక మూల ఎప్పుడూ దీపం వెలుగుతూ ఉండేది. బల్ల అంచుకి బిగించిన చిన్న వైస్, దాని నోట్లో గాలం, పక్కన దారపు కండెలు, కుందేలు బొచ్చు, జింక వెంట్రుకలు, బాతు ఈకలు. ఈకలతో, బొచ్చుతో పురుగు రూపం కట్టడమే ఫ్లై టైయింగ్. వాడు తొమ్మిదో తరగతిలో ఉండగా ఆ బల్ల దగ్గర చేరాడు. వాళ్లమ్మ మల్లెలు మాల కట్టేటప్పుడు పక్కన కూర్చుని వేళ్ల మధ్య దారం తిప్పి ముడి బిగించడం చిన్నప్పుడే నేర్చుకున్నాడు. ఆ వేళ్ల ఒడుపు చూసి, తనకి ఏళ్లు పట్టింది వీడికి వారాల్లో వచ్చిందని పెద్దాయన మా అందరితో చెప్పుకుని మురిసిపోయేవాడు. పదహారేళ్లు నిండిన రోజునే వాడు మొదటి ఫిషింగ్ లైసెన్స్ కొనుక్కున్నాడు.

వాడికి బాగా పట్టుబడింది కాడిస్ ఎమర్జర్. కాడిస్ అన్నది ఏటి పురుగు. చాలా రకాల కాడిస్‌లు ఏటి అడుగున ఇసుక రేణువుల్ని, పుల్ల ముక్కల్ని తమ పట్టుదారంతో అతికించి గూడు కట్టుకుంటాయి. అందులోనే పెరిగి, అందులోనే ప్యూపాగా మారతాయి. సమయం రాగానే గూడు తొలుచుకుని బయటపడి పైకి ఈదుతాయి. నీటి పైపొర దగ్గర పాత చర్మం చీల్చుకుని, రెక్కలు విప్పి ఎగిరిపోవాలి. ఆ కాసేపే వాటికి గండం.

“అడుగునున్న పురుగు కావాలంటే ట్రౌట్ రాళ్లన్నీ వెతుక్కోవాలి. రెక్కలొచ్చినది చిటికెలో ఎగిరిపోతుంది. ఇల్లు వదిలేసి, రెక్కలింకా విప్పనిదే దానికి సులువుగా దొరుకుతుంది” అని చెప్పేవాడు పెద్దాయన. ఆ మధ్య దశలో ఉన్న పురుగుని పోలిన ఎరే ఎమర్జర్.

ఈ పురుగుల తీరు తెలుసుకోవడానికి గ్యారీ లాఫోంటేన్ అనే ఆయన స్కూబా తొడుక్కుని నదుల అడుగుకే వెళ్లాడు. పైకి లేచే ప్యూపా చర్మం కింద గాలి చేరి తళతళలాడుతుందనీ, ట్రౌట్‌ని పిలిచేది ఆ మెరుపేననీ 1981లో వచ్చిన తన ‘కాడిస్‌ఫ్లైస్’ పుస్తకంలో రాశాడు. ఆ మెరుపు కోసం ఆంట్రాన్ అనే కృత్రిమ నూలు వాడాడు. పెద్దాయన బల్ల మీద ఆ పుస్తకం అట్టలు ఊడిపోయి ఉండేది.

మావాడు ఆ పద్ధతిలోనే కట్టేవాడు. ముందు గాలానికి దారం చుట్టి, పైనా కిందా పల్చగా ఆంట్రాన్ పోగులు కట్టేవాడు. దారానికి బొచ్చు పులిమి, దాన్ని చుడుతూ ఒళ్లు తయారు చేసేవాడు. తర్వాత ఆ పోగుల్ని ముందుకి లాగి, ఒంటికి అంటుకోకుండా బుడగలా వదులుగా ఉంచి ముడివేసేవాడు. గట్టిగా లాగితే నూలు ఒంటికి అతుక్కుపోతుంది, మరీ వదిలితే చిందరవందరవుతుంది. పనంతా ఆ వదులులోనే ఉంది. వెనక రెండు మూడు పోగులు వేలాడనిచ్చేవాడు. అది ఇంకా ఊడని పాత చర్మం. పైన కురచగా జింక వెంట్రుకలు. అవి అప్పుడే తలెత్తుతున్న రెక్కలు.

ఒక వసంతకాలపు సాయంత్రం వాళ్లతో పాటు నేనూ ఒడ్డుకి వెళ్లాను. నీటి మీద చేపలు గుండ్రంగా ఉబికి తిరుగుతున్నాయి గానీ, ఎగిరే పురుగుల్ని ఒక్కటీ అందుకోవడం లేదు. అవి పైపొర కిందే తింటున్నాయని పెద్దాయన సైగ చేశాడు. వాడు ఎమర్జర్‌ని ఏటవాలుగా విసిరి, ప్రవాహంతో పాటు పోనిచ్చి, చివర్లో గాలపు కర్ర మెల్లగా ఎత్తాడు. ఎర పైకి లేచింది, దారం బిగిసింది. వలలోకి వచ్చింది బంగారు రంగు ఒంటి మీద ఎర్ర చుక్కలున్న బ్రౌన్ ట్రౌట్. వాడు చెయ్యి తడుపుకుని, దాన్ని నీళ్లలోనే పట్టుకుని గాలం తీసి వదిలేశాడు.

“ఇది ఇక్కడి చేపేనా?” అని అడిగాను.

పెద్దాయన వివరంగా చెప్పాడు. జార్జియాకి సొంతమైన ట్రౌట్ అంటే ఉత్తరాది కొండవాగుల్లోని బ్రూక్ ట్రౌట్ ఒక్కటే. కమ్మింగ్‌లో నది పక్కనున్న ప్రభుత్వ హ్యాచరీ పెంచి వదిలే రెయిన్‌బో పసిఫిక్ తీరపు చేప. బ్రౌన్ ట్రౌట్ గుడ్లు 1883లో జర్మనీ నుంచి ఓడలో అమెరికా చేరాయి. ఇక్కడా ఒకప్పుడు బ్రౌన్ పిల్లల్ని తెచ్చి వదిలేవారు. అవి తమంతట తామే గుడ్లు పెట్టి పెరుగుతున్నాయని తేలాక రెండు దశాబ్దాల కిందట వదలడం మానేశారు. 2014లో రాష్ట్ర రికార్డు కొట్టిన బ్రౌన్ ట్రౌట్, 20 పౌన్ల 14 ఔన్సులది, ఈ నదిలోనే దొరికింది.

“ఇప్పుడున్నవి ఈ నీళ్లలో పుట్టి పెరిగినవే. ఇవి మనవి” అన్నాడు.

“మనవి అనడానికి ఎన్నేళ్లు పట్టింది సర్?” అని అడిగాడు అబ్బాయి. పెద్దాయన నవ్వి వాడి భుజం తట్టాడు.

మరుసటి వసంతంలో వాడికి 21 నిండబోతుంటే, వారం ముందే ఆదివారం నాడు వాళ్లింట్లో భోజనాలు పెట్టారు. పెద్దాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని ఒక కవరు పట్టుకొచ్చాడు. అందులో జార్జియా ఫిషింగ్ లైసెన్స్ దరఖాస్తు ఉంది. మామూలుది కాదు, లైఫ్‌టైమ్ లైసెన్స్‌ది.

“ఏటేటా కొనడం దేనికి? నీ మనవలకి నేర్పేదాకా పనికొస్తుంది. డబ్బు నాది. నీ డ్రైవింగ్ లైసెన్స్ నంబరు ఒక్కటే వెయ్యాలి, ఇటివ్వు.”

వాడు వాళ్ల నాన్న వైపు చూసి, జేబులోంచి కార్డు తీసిచ్చాడు. పెద్దాయన కళ్లద్దాలు సర్దుకున్నాడు. కార్డు మీద ‘లిమిటెడ్ టర్మ్’ అని ఉంది. గడువు తేదీ దగ్గర ఆయన వేలు ఆగిపోయింది.

“ఇది వచ్చే ఆదివారంతో అయిపోతోందే? నీ పుట్టినరోజు కదా అది!”

వాళ్ల నాన్నే జవాబు చెప్పాడు. తనది హెచ్1బీ. గ్రీన్‌కార్డు క్యూలో ఏళ్లుగా ఉన్నాడు. ఒక్కో దేశానికి ఏటా ఏడు శాతానికి మించి ఇవ్వరు కాబట్టి ఇండియాలో పుట్టినవాళ్ల వరస కదలదు. రెండేళ్ల వయసులో తమతో వచ్చిన కొడుకు తమ వీసా నీడన ఉండగలిగేది 21 నిండేదాకానే. చదువు వీసా తీసుకుంటే ఇంకొన్నాళ్లు ఉండొచ్చు, ఆ తర్వాత మళ్లీ ఇదే కథ. అందుకని టొరంటోలో సీటు తీసుకున్నాడు. శుక్రవారం ప్రయాణం.

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత దరఖాస్తుని వాడి ముందుకి జరిపి, “అయినా సంతకం పెట్టు. నువ్వు ఇక్కడివాడివే” అన్నాడు.

వాడు కాగితాన్ని మడతపడకుండా కవర్లో పెట్టి ఆయన చేతికి తిరిగిచ్చాడు.

“ఇది ఇక్కడ ఉండేవాళ్లకే ఇస్తారు సర్. బయటి నుంచి వచ్చేవాళ్లకి ఒక్కరోజు లైసెన్స్ అమ్ముతారుగా, విజిటర్ వీసా దొరికితే వచ్చి అది కొనుక్కుంటాను.”