అడవికి కుర్చీ

సాహిత్య ఉత్సవాల్లో మా బస్తర్ అడవికి ఎప్పుడూ ఒక గోష్ఠి ఉంటుంది. మాకు మాత్రం కుర్చీ ఉండదు. 2006లో జైపూర్, 2010లో హైదరాబాద్, 2014లో రాయపూర్... పండగలు పెరుగుతూనే ఉన్నాయి. ఛత్తీస్‌గఢ్ సుక్మా జిల్లా మరైగూడలో ఉండే తెలుగు పాఠకుడికి మాత్రం నవల కావాలంటే రాష్ట్రం దాటి భద్రాచలం దాకా పోవాల్సిందే. అక్కడా ముందు పలకరించేవి భక్తి పుస్తకాలూ, పోటీ పరీక్షల గైడ్లే.

ఇక అడవి నవలలంటారా? వాటిలో కోయ వీరుడు మూడొందల పేజీలు నడుస్తాడు, ఒక్క పూటా అన్నం తినడు. రేషన్ కార్డు ఊసే ఉండదు. ఇప్పపువ్వేమో పన్నెండు నెలలూ రాలుతుంది! మా దగ్గర ఎండలు ముదిరే వేళ కొన్నాళ్లు రాలి ఊరుకుంటుంది. రచయిత గారి చెట్టుకు సీజనుండదు కాబోలు.

బెంగాలీ రచయిత బిభూతిభూషణ్ భాగల్‌పూర్ అడవుల్లో ఎస్టేటు కొలువు చేశాక 'ఆరణ్యక్' నవల రాశారు. బస్తర్ గురించి రాసిన హిందీ రచయిత గుల్‌షేర్ ఖాన్ శానీ జగదల్‌పూర్‌లోనే పుట్టారు. ఇప్పటివారికి అంత తీరిక ఎక్కడిది? సంతకాలు, సెల్ఫీలు, మధ్యలో భోజన విరామం.

అయ్యా నిర్వాహకులారా! వచ్చే ఏడు శాలువాల ఖర్చు కాస్త తగ్గించి, పుస్తకాల వ్యాను ఒకటి మా రోడ్డు పట్టించండి. మా అడవి ఎలా ఉంటుందో మేమూ చదివి తెలుసుకుంటాం.