పాస్‌వర్డ్ పరమ రహస్యం... చీటీ మీద చూసుకోండి!

ఆఫీసు గోడ మీద సైబర్ భద్రత పోస్టరు. ‘మీ పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పవద్దు’. కింద కంప్యూటరు. మానిటరుకు అంటించిన పసుపు చీటీ మీద అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్! ఇదేం చోద్యమయ్యా అంటే, ‘‘అది కొట్టకపోతే బిల్లుల సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు సార్’’ అంటాడు జూనియర్ అసిస్టెంట్.

తప్పు అతనిదా? బిల్లులు కొట్టే ప్రోగ్రాముకు కంప్యూటరు మొత్తం మీద సర్వాధికారాలెందుకట? రాసినవాడి బద్ధకం! సెట్టింగులు యూజర్ ఫోల్డరులో దాచాలి. ఈ మహానుభావుడు ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాస్తాడు. అక్కడ మామూలు యూజర్‌ను విండోస్ వేలు పెట్టనివ్వదు. ఇంకేం, ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ అని మాన్యువల్‌లో ఓ ముక్క పడేస్తే సరి! పనికి ఎంత అవసరమో అంతే అధికారం ఇవ్వాలని కంప్యూటర్ శాస్త్రవేత్తలు సాల్ట్‌జర్, ష్రోడర్ 1975లోనే రాసిపెట్టారు. ఎవరు చదివారు గనక?

అసలు ఈ అలవాటు చేసిందెవరు? 2001లో విండోస్ ఎక్స్‌పీ తెచ్చిన మైక్రోసాఫ్టు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తెరిచిన ఖాతాలన్నీ అడ్మినిస్ట్రేటర్లే. ఊళ్లో అందరూ సర్పంచులే! 2007లో విస్టాతో బుద్ధొచ్చి, అడుగడుగునా ‘అనుమతిస్తారా?’ అని పీక్కుతింది. జనాన్ని విసిగించడానికే అది పెట్టామని 2008లో ఆ కంపెనీ అధికారే ఓ సభలో సెలవిచ్చాడు. జనం విసిగితే సాఫ్ట్‌వేర్ కంపెనీలు దారికొస్తాయట! మనం విసిగాం. వాళ్లు వచ్చారా? మనమే చదవకుండా ‘ఎస్’ నొక్కడం నేర్చుకున్నాం.

ఆఫీసుల్లో ఐటీ మేధావుల చిట్కా ఇంకా ఘనం. ‘రన్‌యాజ్’ కమాండుకు ‘సేవ్‌క్రెడ్’ తోక తగిలించి ఓ షార్ట్‌కట్ చేస్తారు. ఒక్కసారి పాస్‌వర్డ్ కొడితే విండోసే గుర్తుపెట్టుకుంటుంది. యూజర్‌కు పాస్‌వర్డ్ తెలియదు కదా, భద్రం! భద్రమా, బూడిదా? అదే కమాండులో ప్రోగ్రాము పేరు మార్చి చూడండి. ఏదైనా సరే అడ్మినిస్ట్రేటర్ హోదాలో దర్జాగా నడుస్తుంది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్‌తో సహా.

సర్కారు వారు మాత్రం తక్కువ తిన్నారా? జీఎస్టీ పోర్టల్‌లో డిజిటల్ సంతకానికి వాడే ఈఎమ్‌సైనర్‌నూ అడ్మినిస్ట్రేటర్‌గానే నడపమంటారు. భద్రత పాఠాలు చెప్పేదీ వాళ్లే!

రేపు ఫైళ్లన్నిటికీ తాళం పడితే మెమో ఎవరికి? టెండరు ఓకే చేసిన పెద్దసారుకా? డబ్బు పుచ్చుకున్న కంపెనీకా? చీటీ అంటించుకున్న జూనియర్ అసిస్టెంట్‌కే!

పాత సాఫ్ట్‌వేర్ వదల్లేమంటారా? అది రాసుకునే ఫోల్డరు ఒక్కదానికి అనుమతివ్వండి. చాలావాటికి అదే చాలు. కొత్తది కొంటున్నారా? అయ్యా పెద్దసార్లూ, టెండరులో ఒక్క వాక్యం చేర్చండి: ‘మామూలు యూజర్ ఖాతాలో నడవని సాఫ్ట్‌వేర్‌కు పైసా చెల్లించం’. ఎలా నడవదో అప్పుడు చూద్దాం.