స్కేలు దాచేయండి

పుట్టినరోజు బ్యానర్ ఇంట్లోనే చేద్దామనుకుంటే ముందు స్కేలునీ, ఫోన్‌నీ బీరువాలో పెట్టి తాళం వేయండి. ఆ తర్వాత, రేపు పుట్టినరోజనగా ఈ సాయంత్రం దాకా ఏమీ మొదలుపెట్టకండి. వారం ముందు మొదలైన బ్యానర్ పెద్దవాళ్ల సొత్తయిపోతుంది. రోజుకో అక్షరం ముద్దుగా కత్తిరించి, పాప ముట్టుకుంటే నలుగుతుందని అటకెక్కిస్తారు. ఆఖరి సాయంత్రం ఆ వీలుండదు. ఇంట్లో ఉన్న చేతులన్నీ కావాలి, పాపవి కూడా. బ్యానర్ పుట్టినరోజు కోసమని అందరూ అంటారు. నా మటుకు నాకు అది ముందురోజు సాయంత్రం కోసం.

థీమ్ పాపనే అడగండి. మొదట నోటికొచ్చిందే ఖాయం, బేరాల్లేవు. బస్సు అందనుకుందాం. మన పిల్లలకి బస్సంటే ఆర్టీసీ బస్సే. దానికి 10 కిటికీలు పెట్టండి, ఎందుకంటే ‘పుట్టినరోజు శుభాకాంక్షలు’ సరిగ్గా 10 అక్షరాలు, అటు 5, ఇటు 5. ఇంగ్లీషులో ‘హ్యాపీ బర్త్‌డే’కి 13 ముక్కలు కత్తిరించాలి. తెలుగులో చేయడం కష్టమని ఎవరైనా అంటే వాళ్లు లెక్కపెట్టి చూడలేదన్నమాట.

అట్ట సంగతి. మామూలు జెరాక్స్ కాగితం 70, 80 జీఎస్ఎం ఉంటుంది. అంటే చదరపు మీటరు కాగితం తూచితే అన్ని గ్రాములు. బ్యానర్‌కి 200 దాటితే మంచిది, లేకపోతే ఫ్యాన్ గాలికే ముడుచుకుపోతుంది. అలాగని కొనడానికి దుకాణానికి పరిగెత్తకండి. ఏ ఇంట్లోనైనా పాత శుభలేఖల కట్ట ఒకటి ఉంటుంది. ఆ కార్డులు చాలావరకు దళసరిగానే ఉంటాయి. దేవుడి బొమ్మ ఉన్న పేజీని విడిగా తీసి భద్రంగా పెట్టండి, కత్తెర పెట్టొద్దు. మిగిలిన పేజీల వెనక తెల్లటి వైపు కిటికీలకి సరిపోతుంది. ముదురు రంగు కవర్లలోంచి అక్షరాలు కత్తిరించుకోవచ్చు. ఏ రెండు కార్డులూ ఒకే సైజులో ఉండవు, ఉండక్కర్లేదు. ఒక కిటికీ పొడుగు, పక్కది పొట్టి. ఎవరి పెళ్లప్పుడో అద్దిన పసుపు మరక మూలన కనపడితే దాన్ని చెరపకండి, అతికించే అక్షరం దాని మీదకి రాకుండా చూసుకోండి.

అక్షరాలు ప్రింటు తీసి అచ్చులు కోయొద్దు. పాప రాసిందే అక్షరం. మీ పనల్లా కత్తెర దగ్గర. తెలుగు అక్షరం అంతా గుండ్రం, కాబట్టి కత్తెరని కదలనివ్వకుండా కాగితాన్నే తిప్పాలి. దళసరి అట్టకి చిన్న వేళ్లు నొప్పెడతాయి. చుట్టూ పెద్ద గాట్లు మీరు పెట్టిచ్చి, గీత వెంట తనని కోయమనండి. ‘ట్టి’ కింద వత్తు, ‘క్ష’ కింద వత్తు పైఅక్షరానికి ఎక్కడో ఒకచోట అంటుకుని ఉండాలి. ఆ చోట గీత సన్నగా ఉంటే వత్తు తెగి కిందపడుతుంది, అందుకని అక్కడ మాత్రం లావుగా గీయమనండి. లోపలి బొర్రల్ని కోయడానికి తంటాలు పడకండి, స్కెచ్ పెన్‌తో నింపితే చాలు. ‘కాం’లో సున్నా ఇంట్లో అందరికన్నా చిన్నవాడికి అప్పగించండి. నాణెం పెట్టి చుట్టూ గీస్తాడు, అదే వాడి వాటా.

‘భా’ రాయాల్సిన చోట ‘బా’ రాసిందనుకోండి. అస్సలు దిద్దకండి. నోరెత్తకండి. అలాగే అతికించి, ఒక సన్నటి అట్టముక్క కోసి జిగురు డబ్బా పక్కన ఉంచి పడుకోండి. పొద్దున్నే బ్యానర్ చూస్తూ కింద గీత లేదని తనే కనిపెడితే, ఆ ముక్క తనే అంటిస్తుంది. కనిపెట్టకపోతే ఉండనివ్వండి. వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు తప్పు చెబుతారు, చెప్పనివ్వండి. అప్పుడు కూడా గీత పెట్టాల్సింది పాపే.

జిగురు పలచగా రాయాలి. అట్ట ఒకవైపే బాగా తడిస్తే ఆరేటప్పుడు విల్లులా వంగుతుంది. వంగితే రాత్రంతా లావుపాటి పుస్తకాల కింద పెట్టండి.

నంబరు ప్లేటు మాత్రం నిర్లక్ష్యం చేయొద్దు. ఆర్టీసీ బస్సు నంబర్లో జెడ్ ఉంటుంది, బస్సుల పిచ్చి ఉన్న పిల్లలు అది లేకపోతే ఒప్పుకోరు. జెడ్ తర్వాత నాలుగంకెలుగా పుట్టినతేదీ వేయండి. ఆగస్టు 23 అయితే 2308. నెత్తిన బోర్డు మీద ఏ ఊరు రాయాలో పాపే చెబుతుంది. ‘అమ్మమ్మ వాళ్ల ఊరు’ అంటే అలాగే రాయండి, ఊరి పేరు అడగొద్దు. చక్రాలు గ్లాసు బోర్లించి గీసుకోవచ్చు.

కట్టడంలో అందరూ ఎడమ చివర నుంచి మొదలుపెట్టి, ‘క్షలు’ దగ్గరికొచ్చేసరికి చోటు చాలక అల్లాడతారు. మీరు మధ్యలోంచి మొదలుపెట్టండి. పురికొసకి నడిమిన ముడి వేసి, ముడికి ఇటు ‘జు’, అటు ‘శు’ తగిలించి, రెండు వైపులకీ సాగండి. కార్డుకి పైన రెండు బెజ్జాలు పెట్టి తాడుని వెనకనుంచి పోనివ్వాలి. ఒకటే బెజ్జం పెడితే ఫ్యాన్ వేయగానే కార్డు గిర్రున తిరిగి పెళ్లికూతురి తండ్రి పేరు కనపడుతుంది. టేపుని నమ్మకండి. ఏ4 సైజువి 200 జీఎస్ఎం కార్డులు 10 ఉంటే 125 గ్రాములు, చక్రాల బరువు వేరే. సున్నం గోడ పొడి రాల్చి టేపుని వదిలేస్తుంది. కిటికీ ఊచకీ, తలుపు గడియకీ కట్టేయండి.

అదీ పాప కళ్లకి ఎదురుగా వచ్చే ఎత్తులోనే. కేకు వెనకాల, ఫొటోలో పడేలా కడితే కొవ్వొత్తులకి దగ్గరవుతుంది, పైగా ఫొటో తీసేవాళ్లందరూ పాపని పక్కకి జరగమంటారు. సోఫాలో కూర్చున్న పెద్దలకి కనపడకపోతే లేచొచ్చి చూస్తారు.

పార్టీ అయ్యాక బ్యానర్‌ని చుట్టి దాచకండి. పిల్లలు చెప్పులు వేసుకుంటుంటే తాడు కత్తిరించి తలా ఒక అక్షరం చేతిలో పెట్టండి. ‘క్ష’ కోసం కొట్టుకుంటారు, ముందు అడిగినవాళ్లకి ఇచ్చేయండి. నంబరు ప్లేటు మాత్రం ఎవరడిగినా ఇవ్వొద్దు, అది పాపది.