రామదాసు గారి కొటేషన్

అనుకున్న బడ్జెట్ దాటేసిన వాళ్లందరికీ ఆదిగురువు మా వైపు మనిషే. పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న, అదే మన రామదాసు, భద్రాద్రి మీద గుడి కట్టడం మొదలుపెట్టాడు. గుడితో ఆగాడా? గోపురం, ప్రాకారం, ఆ పైన నగలు. గోల్కొండ సుల్తాను తానీషా సర్కారు సొమ్ము ఆరు లక్షల మొహరీలు కరిగిపోయాయని చెబుతారు. గోల్కొండ చెరలో పడ్డాక ఆయన ఏ నగకి ఎంతయిందో లెక్క చెబుతూ రాముణ్ణే నిలదీసి కీర్తన కట్టాడు. ఐటెం వారీగా రేట్లు వేసిన బిల్లు అంత కమ్మగా తెలుగులో మరొకటి లేదు. చివరికి రామలక్ష్మణులు మారువేషాల్లో వెళ్లి బాకీ కట్టి, రసీదు కూడా రాయించుకొచ్చారని కథ.

నా బాకీకి అలాంటి ఏర్పాటేదీ కనబడ్డం లేదు. అందుకే నా డిజైనింగ్ షాపుకి కొత్త సిస్టం అసెంబుల్ చేయిద్దామనుకోగానే ముందు కాగితం తీశాను.

భద్రాచలంలో డిజైనింగ్ షాపు అంటే మామూలు సంగతి కాదు. 2014లో పోలవరం ప్రాజెక్టు లెక్కల్లో చుట్టూ ఉన్న మండలాలు అటు పోయి ఊరు ఇటు తెలంగాణలో మిగిలింది. ఎటపాక వెళ్తే ఆంధ్రప్రదేశ్, ఇంకాస్త పోతే ఛత్తీస్‌గఢ్‌లోని కుంట, ఆ పక్కనే ఒడిశా. పుట్టినరోజు ఫ్లెక్సీ వేయించుకునేవాడి ఊరు ఏ రాష్ట్రంలో ఉందో కనుక్కుని గానీ పైవరసలో ఏ ముఖ్యమంత్రి ఫొటో పెట్టాలో తేలదు. పెళ్లి కార్డులు సరే, వాటికి సీతారాముల కల్యాణం బొమ్మ ఒకటి చాలు, ఏ సర్కారు మారినా అది మారదు.

ఇక సలహాలు. కొత్తగూడెంలో బీటెక్ చదివే మా మేనల్లుడు కొటేషన్ చూసి నొచ్చుకున్నాడు. "ఇదేంది మామా, గ్రాఫిక్స్ కార్డు లేకుండా సిస్టమా?" అన్నాడు. వాడి లెక్కలో బడ్జెట్‌లో సగం కార్డుకి, మిగతా సగం రంగుల లైట్లకి. ఆ కార్డు మీద ఏ గేమ్ ఎన్ని ఫ్రేములు ఆడుతుందో గడగడా చెప్పాడు. శాలువా కప్పుకున్న సర్పంచి గారి ఫొటోని ఫ్రేముల్లో ఎందుకు ఆడించాలో మాత్రం చెప్పలేదు.

నా పనికి అసలు కావలసింది ర్యామ్. (భద్రాచలంలో ఉంటూ ఆ మాట మీద శ్లేష వేయకుండా ఊరుకుంటున్నాను, నా నిగ్రహాన్ని గమనించగలరు.) 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఫ్లెక్సీ తీసుకోండి. అంగుళానికి 72 చుక్కల చొప్పున 17,280 గుణించు 8,640 పిక్సెళ్లు, అంటే దగ్గరదగ్గర 15 కోట్ల చుక్కలు. సీఎంవైకేలో చుక్కకి నాలుగు బైట్లు. వెరసి ఒక్క నిండు పొర 600 ఎంబీ. బ్యాక్‌గ్రౌండ్ ఒక పొర, దాని మీద వెలుగు కిరణాలు ఒక పొర, పూల వాన ఒక పొర, ఆ పైన ఒక్కో నాయకుడూ ఒక్కో పొర. నాయకులు ఎప్పుడూ సొంత పొరలోనే ఉంటారు, ఒకే పొరలో ఇద్దరు ఇమడరు. ఎవరో చెప్పారని 300 డీపీఐలో చేయమనే కస్టమరు వస్తే అదే పొర పది జీబీ దాటుతుంది. 30,000 పిక్సెళ్ల వెడల్పు దాటాక ఫొటోషాప్ మామూలు పీఎస్‌డీగా సేవ్ చేయనే చేయదు. రోడ్డు మీద బస్సులోంచి చూసే ఫ్లెక్సీకి 72 చాలు మహాప్రభో.

కాబట్టి 32 జీబీ అని రాసుకున్నాను. రాసుకున్నానే గానీ, 2025 చివర్లో ర్యామ్ ధరలకి రెక్కలొచ్చాయి. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులన్నీ ఊడ్చుకుపోతుంటే మనలాంటి వాళ్లకి మిగిలేదేముంది? మైక్రాన్ కంపెనీ ఆ డిసెంబరులో, క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మే వ్యాపారం ఎత్తేస్తున్నామని ప్రకటించేసింది. అమెరికాలో ఎవరో కంప్యూటర్‌కి తెలివి నేర్పుతుంటే ఆ ఫీజు మా సెంటర్లో నేను కడుతున్నాను.

ప్రాసెసర్ దగ్గర మాత్రం నాకు దిగుల్లేదు. తెలుగు డీటీపీ ఇంకా అను ఫాంట్లతో పేజ్‌మేకర్ మీదే నడుస్తోంది. దాని ఆఖరి వెర్షన్ 7 వచ్చింది 2001లో. దానికోసం 16 కోర్ల ప్రాసెసర్ కొంటే ఉపాధి హామీ పనిలో ఒకడు గుంట తవ్వుతుంటే పదిహేను మంది గట్టు మీద కూర్చున్నట్టుంటుంది. ఆరు కోర్లు చాలు, ఒక్కో కోరు చురుగ్గా ఉండాలి, అంతే.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక కుర్రాడు "అన్నా, ఎఫ్ మోడల్ తీస్కో, సస్తా పడ్తది" అన్నాడు. ఇంటెల్ ప్రాసెసర్ నంబరు చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు, విడిగా కార్డు పెడితేగానీ తెర వెలగదు. ఇక్కడ మిగిలిన డబ్బు కౌంటర్ అవతలి వైపు కార్డు రూపంలో కట్టాలన్నమాట. కార్డుల పేర్లు ఇంకో మాయ. ఆర్‌టీఎక్స్ 3050 అని రెండున్నాయి. 2022లో వచ్చిన 8 జీబీ దానిలో 2,560 కోర్లు, 2024లో వచ్చిన 6 జీబీ దానిలో 2,304. మెమరీ తగ్గిందనుకుని కొంటారు, తగ్గింది అదొక్కటే కాదు. భద్రాచలం రోడ్ స్టేషన్‌లో దిగి "గుడి ఎటు?" అని అడిగితే, ఇది కొత్తగూడెం, గుడి ఇంకా నలభై కిలోమీటర్లని తెలుసుకుని బస్టాండుకి నడిచే భక్తుల్ని ఏళ్ల తరబడి చూస్తున్నవాణ్ణి నేను. పేరు చూసి సరుకు నమ్మను.

మా అడవి అంచున సిస్టం బతకాలంటే ఎవరూ గొప్పలు చెప్పుకోని సంగతులే ముఖ్యం. మొదటిది ఎస్‌ఎంపీఎస్, అంటే భాగాలన్నిటికీ కరెంటు పంచే డబ్బా. పాల్వంచలో కేటీపీఎస్, మణుగూరు వైపు బీటీపీఎస్, రాష్ట్రానికి కరెంటు పంపే థర్మల్ కేంద్రాలు మా జిల్లాలోనే రెండున్నాయి. అయినా ఒక గాలివాన చాలు, అడవిలో ఎక్కడో టేకు కొమ్మ విరిగి తీగ మీద పడుతుంది, ఇక్కడ నా పెళ్లి కార్డులో వరుడి పేరు సేవ్ కాకుండా పోతుంది. కాబట్టి యూపీఎస్ తప్పదు. ఎస్‌ఎంపీఎస్ మీద 80 ప్లస్ ముద్రలో బ్రాంజ్, గోల్డ్ అని తరగతులుంటాయి. గోల్డ్ అనగానే ఇంట్లో అందరూ ఒక్కసారి తలెత్తి చూశారు. తరుగు తక్కువన్న హామీయేగానీ అందులో బంగారం లేదని చెప్పాక ఎవరి పని వారు చూసుకున్నారు.

రెండోది బల్లి. కేబినెట్ వెనక ఖాళీ స్లాట్ల రేకులు ఊడితే ఆ సందులోంచి దూరి ఎస్‌ఎంపీఎస్ వెచ్చదనంలో కాపురం పెడుతుంది. ఠప్పుమని శబ్దం, సన్నగా కమురు వాసన. విప్పి చూస్తే రెండు తీగల మధ్య నిలువుగా, ఒక్కో చెయ్యి ఒక్కో వైపు. తల మీద పడితే ఏమిటి, భుజం మీద పడితే ఏమిటి అని పంచాంగంలో అన్నీ రాశారు గానీ ఎస్‌ఎంపీఎస్ మీద పడితే ఏమిటో రాయలేదు. నేను చెబుతాను: మనకి ధననష్టం, బల్లికి ప్రాణనష్టం.

మూడోది ఎండ. మే నెలలో 45 డిగ్రీలు మాకు వార్త కాదు. గదిలో 45 ఉంటే ఏ ఫ్యానూ ప్రాసెసర్‌ని 45 కిందికి దించలేదు. ముందూ పక్కనా గాజు బిగించిన కేబినెట్‌లో ఆ వేడి గాలే తిరుగుతుంటుంది. ముందు జాలీ ఉన్నది కొనాలి, నెలకోసారి విప్పి ఊదాలి. ఫ్యాను రెక్క మీద వేలు పెట్టి గీస్తే నల్లగా అంటుకునేది మణుగూరు లారీల బొగ్గు పొడి. కేబినెట్‌ని ఒక్కడే ఎత్తగలగాలి కూడా. గోదావరి 53 అడుగులకొస్తే మూడో ప్రమాద హెచ్చరిక, 2022 జులైలో 71 దాటింది. అలాంటప్పుడు అటకెక్కించాల్సింది ముందు దీన్నే.

మానిటర్ విషయంలో మాత్రం పిసినారితనం పనికిరాదు. ఐపీఎస్ ప్యానెల్, ఎస్‌ఆర్‌జీబీ పూర్తిగా చూపించేది కావాలి. ఎరుపు, గులాబీ, పసుపు, కాషాయం... మా సరిహద్దులో రంగంటే పార్టీ. తెర మీద గులాబీగా ఉన్నది ప్రింటులో ఎరుపుకి జారితే దాన్ని డిజైను తప్పు అనరు, ఫిరాయింపు అంటారు.

నా తీర్పు ఇది: డబ్బు ముందు మానిటర్‌కి, ర్యామ్‌కి, ఎస్‌ఎంపీఎస్‌కి, యూపీఎస్‌కి. గ్రాఫిక్స్ కార్డు వీడియో ఎడిటింగ్ మొదలుపెట్టిన నాడు చూసుకోవచ్చు. మేనల్లుడు ఒప్పుకోలేదు. ఒప్పుకోనక్కర్లేదు, ఈఎంఐ నాది.

ఇంత చేసినా నా సిస్టం చేయలేని పని ఒకటుంది. మీరు వాట్సాప్‌లో మామూలుగా పంపే ఫొటో పొడవు 1600 పిక్సెళ్ల దగ్గరికి కుదించుకుపోతుంది. దాన్ని ఎనిమిది అడుగుల ఎత్తుకి సాగదీస్తే అంగుళానికి పదిహేడు చుక్కలు కూడా రావు, అన్నగారి మీసం మెట్లు మెట్లుగా కనబడుతుంది. అయ్యా, అమ్మా, ఫ్లెక్సీకి ఫొటో పంపేటప్పుడు దయచేసి డాక్యుమెంటుగా పంపండి.