తమతో ముఖపరిచయం కోరుతూ...

రాష్ట్ర పోలీసు పెద్దలకు గౌడవెల్లి నుంచి ఒక సెక్యూరిటీ గార్డు నమస్కరించి రాసుకున్న బహిరంగ లేఖ.

అయ్యా,

రైల్వే స్టేషను, పొలాలు, వాటి పక్కన లేచిన విల్లాలు, ఇంకా లేవని వెంచర్లు. ఇదీ మా ఊరు. కండ్లకోయ దగ్గర హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే దొరకైనా దొంగకైనా దారి ఒకటే. ఆ దారికి ఇవతల విజిలు, టార్చి, రిజిస్టరు పట్టుకుని రాత్రంతా నేనుంటాను.

తమరిని నేను బాగా ఎరుగుదును. ఎరగాలని రూలే ఉంది. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద కేంద్రం 2006లో చేసిన నమూనా నిబంధనలు గార్డుకు 100 గంటల పాఠాలు, 60 గంటల ఫీల్డు శిక్షణ ఉండాలన్నాయి. ఎఫ్ఐఆర్ ఎలా ఇవ్వాలో, పోలీసు హోదా గుర్తులేమిటో చెప్పేది ఆ పాఠాల్లోనే. అందుకే భుజాన రెండు నక్షత్రాలుంటే ఎస్సై గారని, మూడుంటే సీఐ గారని చీకట్లోనూ చెప్పగలను. తమరికి మాత్రం మేమంతా ‘ఏయ్ వాచ్‌మన్’. పోలీసు యూనిఫాం లాంటిది తొడిగితే అదే చట్టం 21వ సెక్షన్ కింద నాకూ మా ఏజెన్సీ యజమానికీ ఏడాది దాకా జైలు. మీలా కనిపించకూడదు, సరే. మీకు కనిపించనే కూడదని ఏ సెక్షన్లోనూ లేదు కదా!

చోరీ జరిగిన పొద్దున గానీ మన పరిచయం మొదలు కాదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి వల్ల కానిది తమరు ముందు నా మీద ప్రయత్నిస్తారు. అడగొద్దనను. కానీ అర్ధరాత్రి నంబరు ప్లేటు లేని బండి రెండుసార్లు తిరిగిందని చెప్పాల్సిన నోరూ నాదే. చెబితే ‘నీకెలా తెలుసు?’ అంటారన్న భయముంటే ఆ నోరు పెగలదు.

కనుక మూడు విన్నపాలు:

1. బీటు కానిస్టేబుల్ గారు వారానికోసారి పగటిపూట మా గేటుకు రావాలి. చాయ్ ఖర్చు మాది.

2. రాత్రి గార్డుల నంబర్లు తమ దగ్గర, బీటు వారి నంబరు మా దగ్గర ఉండాలి. గార్డు మారితే ఏజెన్సీ ఆ రోజే తెలపాలి.

3. మేమిచ్చిన కబురు ఏమైందో ఒక్క మాట చెప్పాలి. చెప్పకపోతే రెండోసారి చెప్పబుద్ధి కాదు.

ప్రతిగా మా మాట: దొంగ దొరికితే స్తంభానికి కట్టి కొట్టం. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్, కళ్లెదుట తీవ్ర నేరం చేసినవాణ్ణి మామూలు మనిషి పట్టుకుంటే ఆరు గంటల్లోగా పోలీసులకు అప్పగించాలంటుంది. మేం అంతసేపు ఆగం, వెంటనే 100కు కొడతాం. తాళం పగిలిన గదిలోకి తమరు వచ్చేదాకా ఎవరినీ అడుగుపెట్టనివ్వం. కెమెరా రికార్డింగు చెరిగిపోనివ్వం.

తమలో ఎవరొచ్చినా సంతోషమే, మూడు నక్షత్రాలున్నా ఒక్కటీ లేకపోయినా. రిజిస్టరులో పేరు, టైము రాయడం మాత్రం తప్పదు, రూలు రూలే. ‘ఎవరిని కలవాలి’ అనే గడి కూడా ఒకటుంటుంది. దయచేసి అందులో ‘సెక్యూరిటీ గార్డును’ అని రాయండి.

ఇట్లు,
తమ విధేయుడు,
నైట్ డ్యూటీ, గౌడవెల్లి.